మిరపకాయ ఎక్కని కారు

కిందటి నెలలో గుంటూరులో ఒక కాలేజీ ఆటస్థలంలో పాత కార్ల ప్రదర్శన పెట్టారని మా మనవరాలు నన్ను లాక్కుపోయింది. పొద్దున పదింటికే ఎండ చురుక్కుమంటోంది. కొత్త రంగులు వేసి, అద్దంలా తుడిచి నిలబెట్టిన కార్ల మధ్య నడుస్తుంటే చివరి వరసలో ఒక మోరిస్ మైనరూ, దాని పక్కనే ఒక ఆస్టిన్ ఏ-ఫార్టీ కనపడ్డాయి. నేను ఆగిపోయిన తీరు చూసి కాబోలు, వాటి యజమాని మర్యాదగా మోరిస్ తలుపు తీసి "చూడండి మేడం" అన్నాడు. తల లోపలికి పెట్టాను. ఎండకి కాగిన రెక్సిను, సీటు లోపలి కొబ్బరిపీచు, పెట్రోలు, కాళ్ళకింద పాత రబ్బరు చాప, అన్నీ కలిసిన వాసన ఒక్కసారి ముఖానికి కొట్టింది. ఆ వాసన తగిలి యాభై ఏళ్ళ పైమాటే. కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

ఆ అబ్బాయి చుట్టూ మూగినవాళ్ళకి రెండు కార్లకీ పోలికలు చెబుతున్నాడు. దేని ఇంజను పెద్దది, దేని స్టీరింగు తేలిక, దేని డిక్కీలో ఎంత సామాను పడుతుంది, రోజూ తిరగడానికైతే ఏది పనికొస్తుంది, అన్నీ లెక్కగా చెబుతున్నాడు. మధ్యలో నా వైపు తిరిగి, చిన్నప్పుడు మీరు వీటిలో ఎక్కే ఉంటారు, రెండిట్లో ఏది మంచిదంటారు అని అడిగాడు. రెండూ మంచివే నాయనా అనేసి ఇవతలికి వచ్చేశాను. వయసు మీదపడ్డాక అబద్ధాలు సులువుగా వస్తాయి. ఆ ప్రశ్న మీద మా ఇంట్లో నాలుగేళ్ళపాటు ఇద్దరు పెద్దమనుషులు రోజూ సాయంత్రం కొట్టుకుచచ్చేవాళ్ళు, వాళ్ళిద్దరిలో ఎవరూ ఇప్పుడు లేరు.

మా ఊరికి వెళ్ళాలంటే నరసరావుపేట నుంచి వినుకొండ పోయే రోడ్డు దిగి నాలుగు మైళ్ళు లోపలికి మట్టిదారిన పోవాలి. నరసరావుపేటని మేం ఉత్త పేట అనేవాళ్ళం. చుట్టూ నల్లరేగడి. ఎండాకాలం ఆ నేల దూడకాలు ఇరుక్కునేంత నెర్రెలు విచ్చి పడుండేది, నాలుగు చినుకులు పడిందా, చెప్పుకి చెప్పు బరువు మట్టి పట్టి మనిషిని ఎత్తు చేసేది. దసరా వెళ్ళాక పత్తి తీతలు మొదలయ్యేవి, ఇంట్లో ఏ మూల చూసినా దూది, పెరుగన్నంలో దూది, జడల్లో దూది, అమ్మ తిరగమోత పెడుతుంటే నూనెలో దూదిపింజ పడి చిటపటమనేది. అది సర్దుకునేసరికి మిరపకాయ. మాఘమాసం వచ్చిందంటే వాగు ఒడ్డున మా కల్లం అంతా ఎర్రగా పరుచుకునేది, కూలికి వచ్చిన ఆడవాళ్ళు వరసగా కూచుని తాలుకాయలు ఏరుతూ పాటలు పాడేవాళ్ళు, సాయంత్రానికి వాళ్ళ చేతులు మంటలెత్తిపోతే అమ్మ గిన్నెడు మజ్జిగ, ఆముదం తెచ్చి ముందు పెట్టేది. పండుమిరపకాయల్లో చింతపండు వేసి రోట్లో తొక్కుతుంటే వీధి చివరి ఇంట్లో కూడా తుమ్మేవాళ్ళు. పిల్లలం మాకు ఆ తుమ్ములు ఒక ఆట. ఎవరు ముందు తుమ్మితే వాళ్ళు దొంగ.

ఆ ఊళ్ళో ఒకే ఇంట్లో రెండు కార్లు ఉండటం వింతే. ముందు కొన్నది పెదనాన్న, మా నాన్నకి అన్న. గుంటూరులో ప్రాక్టీసు మానుకున్న ఒక డాక్టరుగారి దగ్గర బూడిదరంగు మోరిస్ మైనరు కొని తెచ్చాడు. గుండ్రంగా, బొద్దుగా, తొలుచూలు ఆవుదూడలా ముద్దొచ్చేది. పక్కకి తిరగాలంటే తలుపుల మధ్య కమ్మీలోంచి నారింజరంగు చెయ్యి ఒకటి టక్కున లేచేది. అది చూడటానికే పిల్లలం కారు వెనక పరిగెత్తేవాళ్ళం. రెండేళ్ళకి మా నాన్న మద్రాసు వెళ్ళి ముదురాకుపచ్చ ఆస్టిన్‌లో దిగాడు. బానెట్ మీద రెక్కలు విచ్చుకున్న ఏ అక్షరం, స్టీరింగు దగ్గరే గేరు కడ్డీ, ముందు సీటు మంచమంత పొడుగు, డిక్కీ తెరిస్తే ఒక కాపురం పట్టేది. తమ్ముడు అన్న కంటే పెద్ద కారు కొనడమేమిటని ఊరు నాలుగు రోజులు నోరు నొక్కుకుంది. మా పెదనాన్న మాత్రం దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, బాగానే ఉంది గానీ దీనికి మేత ఎక్కువ అన్నాడు. అదే మొదలు.

ఇక రోజూ సాయంత్రం అరుగు మీద అదే గోల. పెదనాన్న నెమ్మదస్తుడు, పుగాకు కాడ చీలుస్తూ, లీటరు పోస్తే పధ్నాలుగు కిలోమీటర్లు పోతుంది నాది, నీది పది పోతే గొప్ప అనేవాడు. మా నాన్నది నోరు, పైగా పెద్ద నోరు. పన్నెండు వందల సీసీ ఇంజనుకీ ఎనిమిది వందల సీసీకీ పోలికా అన్నయ్యా, నీ కారు మైలు పోయేలోపల నాది పేట పోయి కాఫీ తాగి వస్తుంది అనేవాడు. నీది వాగు దాటితే కదా కాఫీ అని పెదనాన్న. ఒక శివరాత్రికి రెండు కార్లలోనూ శ్రీశైలం బయలుదేరితే, దోర్నాల దాటాక ఘాట్ రోడ్డు ఎక్కుడులో మా నాన్న తొమ్మిదిమందితో హారన్ కొట్టుకుంటూ పైకి పోయాడు. మోరిస్‌లో ఉన్న మేం నలుగురు పిల్లలం దిగి పక్కన నడుస్తూ ఎక్కాం, మా పక్కన అదీ నడిచింది. ఆ ముచ్చట నాన్న ఏడాది చెప్పుకున్నాడు. మరి వానాకాలం రేగడిలో ఆస్టిన్ బరువుకి ఇరుసుదాకా దిగబడి, రెండు జతల ఎద్దులు కట్టి లాగితే గానీ రాలేదంటే, పెదనాన్న పల్లెత్తు మాట అనేవాడు కాదు, మోరిస్‌ని ఆ పక్కనుంచే నెమ్మదిగా పోనిచ్చి, నారింజ చెయ్యి ఒకసారి ఎత్తి దించి వెళ్ళేవాడు. ఊరు కూడా రెండు పార్టీలు అయింది. కాకిపిల్ల కాకికి ముద్దు అనుకుని ఊరుకోవచ్చు గదా, మంగలాయన దగ్గరనుంచి బడిపంతులు దాకా అందరికీ ఒక అభిప్రాయం. నేను ఆస్టిన్ పార్టీ, నాన్న కూతుర్ని కాబట్టి.

వాడకంలో రెండిటికీ పోలికే లేదు. ఆస్టిన్ మా ఇంట్లో అరకకి కట్టిన కోడెలా బతికింది. వెనక సీటు పీకేసి దాన్నిండా మిరపకాయ బస్తాలు కుక్కి నాన్న గుంటూరు తోలేవాడు, తవుడు, పురుగుమందు డబ్బాలు, పెళ్ళికి అరువు తెచ్చిన గుండిగలు, ఒకసారి ఒక మేక, అన్నీ అందులోనే. దాని తలుపు తీస్తే చాలు ఘాటు గుప్పుమని కళ్ళు చెమర్చేవి. కొత్తవాళ్ళు ఎక్కితే పేట చేరేదాకా తుమ్ములే. మోరిస్‌లోకి మాత్రం మిరపకాయ అన్నది ఎక్కకూడదు. ఒక్కటి కూడా. కల్లం నుంచి వచ్చినవాళ్ళు కాళ్ళు చేతులు కడుక్కుని, పంచె దులుపుకుని గానీ ఎక్కడానికి లేదు. చుట్టాలకి ఆవకాయ జాడీ పంపాలన్నా ఆస్టిన్‌లోనే పంపాలి. మా నాన్న దానికి మడికారు అని పేరు పెట్టాడు. మడికారు వస్తోంది తప్పుకోండ్రా అని వీధిలో కేకపెడితే పెదనాన్న కూడా మీసంలో నవ్వుకునేవాడు.

ఆ మడి ఎందుకో అప్పుడు నాకు సరిగ్గా తెలియదు. మా పెద్దమ్మకి ఆయాసం. పొన్నూరు ఆడపడుచు. చుట్టూ వరిచేలు, కాలవలు, పచ్చగా చల్లగా ఉండే ఊరునుంచి మా మిరపచేలల్లోకి కాపరానికి వచ్చింది. మిగతా కాలమంతా బాగానే ఉండేది, ఇంటెడు చాకిరీ చేసేది, మాకు జడలు వేసేది, పిల్లలు లేరు కాబట్టి ఉన్న ప్రేమంతా నామీదా మా తమ్ముడి మీదా కుమ్మరించేది. మిరపకాయ కల్లంలోకి దిగిందా, ఆవిడకి ఊపిరాడేది కాదు. పిల్లికూతలు పెట్టే రొమ్ముతో, గోడకి మూడు దిండ్లు ఆనించుకుని కూచునే తెల్లవార్లూ గడిపేది. అందుకని ఏటా మాఘమాసంలో, తొలి కోత కల్లానికి రాకముందే ఆవిడని పుట్టింటికి పంపేసేవాళ్ళు. సరుకంతా అమ్ముడుపోయి, కల్లం ఊడ్చి, ఇల్లంతా రెండుసార్లు కడిగాక ఉగాదికి అటూ ఇటూగా తీసుకొచ్చేవాళ్ళు. ముందైతే బస్సులోనే వెళ్ళేది. ఆ రోజుల్లో మా బస్సుల పైనా లోపలా కూడా మిరపబస్తాలే. ఒకసారి పేట చేరేలోగా కళ్ళు తేలేసిందట. ఆ ఏడే పెదనాన్న మోరిస్ కొన్నాడు. మైలేజీ, స్టీరింగు తేలిక అంటూ అరుగు మీద ఆయన చెప్పినవన్నీ పైమాటలు. అసలు మాట ఆయన ఎన్నడూ నోటితో అనలేదు, మా నాన్నకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆవిడ తిరిగి వచ్చే రోజు మాకు పండగ. మోరిస్ వెనక సీటునిండా పొన్నూరు సరుకు దిగేది, కొత్తబియ్యం, సున్నుండల డబ్బా, జున్ను, తడిగుడ్డలో చుట్టిన మల్లెమొగ్గలు. ఆ వాసనలన్నీ నెలరోజుల వరకూ ఆ సీట్లలో ఉండిపోయేవి. మధ్యాహ్నాలు కారు చావిట్లో ఉంటే నేను దొంగతనంగా ఎక్కి వెనక సీట్లో పడుకునేదాన్ని. ఆస్టిన్ పార్టీదాన్నయినా సరే.

నాకు పన్నెండో ఏడు నడుస్తుండగా, ఆ మాఘంలో ఓణీలు ఇవ్వాలని అమ్మ అనుకుంది. మా మేనమామ మంగళగిరి నుంచి జరీ అంచు ఓణీ, పరికిణీ తెస్తానన్నాడు. పురోహితుడు చూసిన ముహూర్తం, పెద్దమ్మ ప్రయాణం అయ్యాక ఆరో రోజున పడింది. అంతకు ముందు ముహూర్తాలు లేవట. వెళ్ళక తప్పదు కదా, ఫొటో తీయించి పంపిద్దాంలే అక్కయ్యా అంది అమ్మ. పెద్దమ్మ కూడా సరేనంది. ఆ సాయంత్రం ఆవిడ పెట్టె సర్దుకుంటుంటే నేను గదిలోకి వెళ్ళి పెట్టె మూత మీద కూచున్నాను.

"నువ్వు కట్టకపోతే నేను కట్టుకోను పెద్దమ్మా. ఆరు రోజులే కదా, ఉండు" అన్నాను.

ఆవిడ నావంక చూసింది. తర్వాత నన్ను లేపి, సర్దిన చీరల్లోంచి రెండు తీసి మళ్ళీ దండెం మీద వేసింది. ఈ మాట నేను అడిగానని ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆవిడే అందరితో, ఈ ఏడు కాయ ఇంకా ఆలస్యంగా దిగుతుందిలే, నాలుగు రోజులు ఉంటే ఏం కాదు అని చెప్పింది. కాయ ఆలస్యం కాలేదు. మూడో రోజుకే కల్లం ఎర్రబడింది. ఆవిడ కిటికీ తలుపులు వేసుకుని, ముక్కుకి తడిగుడ్డ అడ్డం పెట్టుకుని, ఏమీ లేనట్టే తిరిగింది.

ఆరో రోజు నన్ను పీటమీద కూచోబెట్టి ఆవిడే ఓణీ కట్టింది. కుచ్చెళ్ళు ఒకటికి మూడుసార్లు విప్పి కట్టింది, పిన్ను గుచ్చుకుంటుందని తన వేలు అడ్డం పెట్టి గుచ్చింది. అందరూ అక్షింతలు వేస్తుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి దగ్గింది. మర్నాడు కాక ఆ మర్నాడు ప్రయాణం అనుకున్నారు. పెదనాన్న మోరిస్‌ని కడిగించి, సీట్లు తుడిపించి సిద్ధం చేశాడు. ఆ పూటే గోనెసంచులకి గుంటూరు వెళ్ళాల్సి వస్తే, కడిగిన కారు మళ్ళీ దుమ్ముపడుతుందని తను బస్సులో వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నమే మబ్బు పట్టింది. ఫాల్గుణం ఇంకా రాకుండానే అంత నల్లటి మబ్బు నేను మళ్ళీ చూడలేదు. ఏడాది పంట కల్లంలో ఆరబోసి ఉంది. మిరపకాయ ఒకసారి తడిస్తే నల్లమచ్చలు పడి బూజు పడుతుంది, తర్వాత గేదెలు కూడా ముట్టవు. ఊళ్ళోవాళ్ళంతా వాళ్ళ వాళ్ళ కల్లాలకి పరిగెత్తారు కాబట్టి అరువుకి బండి దొరికే మాట లేదు. అమ్మ, కూలీలు, నాన్న, అందరూ గంపలతో సంచుల్లోకి ఎత్తారు. మా ఎద్దులబండి, ఆస్టిన్ చెరో రెండు విడతలు ఇంటికి చేరవేశాయి. మూడో విడతకి వాన దిగింది, వాగుగట్టు ఎక్కబోతూ ఆస్టిన్ వెనక చక్రాలు ఇరుసుదాకా రేగట్లో కూరుకుపోయాయి. మా నాన్న దాన్ని అక్కడే వదిలేసి వానలో తడుస్తూ ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. వచ్చి చావిట్లో మోరిస్ పక్కన నిలబడ్డాడు. పెద్దమ్మ గుమ్మంలో ఉంది. ఆయన అడగలేదు. ఒళ్ళంతా నీళ్ళు కారుతూ, తల దించుకుని అలాగే నిలబడ్డాడు, అంతే.

పెద్దమ్మ బొడ్లోంచి తాళాలగుత్తి తీసి కారు తాళం విడదీసింది.

"తీసుకెళ్ళు అబ్బాయ్. పంట పోతే ఏడాదంతా ఏడవాలి. కారు కడుక్కుంటే పోతుంది" అంది.

కడుక్కుంటే పోతుందని ఆవిడా అనుకుంది, నాన్నా అనుకున్నాడు. మిరపకాయల మధ్య పుట్టి పెరిగిన నాన్న కూడా అలా అనుకోవడం ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆ ఘాటు గుడ్డకి పడితే నాలుగు ఉతుకులకి పోదు, సీటు లోపలి పీచులోకి, పైకప్పుకి కుట్టిన గుడ్డలోకి దిగితే ఏ నీళ్ళకి పోతుంది? ఆ తొందరలో ఎవరికీ తోచలేదు. నాన్న మోరిస్‌ని వానలో ఆరుసార్లు తిప్పాడు. ఆస్టిన్ దిగబడిన చోటునుంచే అది తేలికగా, జారుతూ, తేలుతూ పోయిందట. చివరి విడత దించి, కళ్ళమీద నీళ్ళు తుడుచుకుంటూ అమ్మతో, అన్నయ్య చెప్పింది నిజమేనే, పువ్వులా పోతోంది అన్నాడు. నాలుగేళ్ళ వాదంలో నాన్న ఓడిపోయినట్టు ఒప్పుకోవడం అదొక్కసారే. పెదనాన్న ఆ మాట వినలేదు.

తడిచెమ్మ తగిలిన కాయ అంతా గాలాడాలని నడవలో, వసారాలో, హాల్లో పరిచారు. ఇంకెక్కడ పరుస్తారు, బయట వాన. చీకటి పడకముందే పెదనాన్న బస్సు దిగి నడిచి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే తుమ్మాడు, లోపలికి చూశాడు, చావిట్లోకి వెళ్ళి మోరిస్ తలుపు తీశాడు. బకెట్టుతో నీళ్ళు పట్టుకుని సీట్లు తుడవడం మొదలుపెట్టాడు. నాన్న వెళ్ళి రెండో గుడ్డ తీసుకుని అవతలి వైపునుంచి తుడిచాడు. ఇద్దరూ దీపాలు పెట్టేదాకా అలా తుడుస్తూనే ఉన్నారు.

తెల్లవారుజామున పెద్దమ్మకి ఎక్కువైంది. ఊళ్ళో సూది వేసే ఆయన వచ్చి వేసి, నా చేతుల్లో లేదు, పేట పెద్దాసుపత్రికి తీసుకుపొండి అన్నాడు. ఆస్టిన్ వాగుగట్టున మట్టిలో ఉంది. ఉన్నది మోరిస్ ఒక్కటే. ఏ కారు మంచిది అని వాదించుకోవడానికి రెండో కారు లేదు. పెదనాన్న తలుపులు నాలుగూ బార్లా తీస్తే లోపల రాత్రంతా ఊరిన ఘాటు మా అందరి గొంతులోనూ పడింది. వెనక సీటు పీకి పారేసి, బొంతలు పరిచి, అద్దాలన్నీ దించి ఆవిడని ఎక్కించారు. నా చెయ్యి పట్టుకుని ఉంది, వదల్లేదు, అందుకని నన్నూ ఎక్కించారు. అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని గుమ్మంలో ఉండిపోయింది.

ఆ నాలుగు మైళ్ళ బురదదారి మోరిస్ ఒక్కచోట ఆగలేదు. పెదనాన్న ఎప్పుడూ చెప్పుకున్నట్టే నడిచింది, దిగబడలేదు, వాగులో నీళ్ళు దాటింది, ఎక్కడ తిప్పితే అక్కడ తిరిగింది. కానీ గతుకు తగిలినప్పుడల్లా పైకప్పు గుడ్డలోంచి సన్నటి ఎర్రదుమ్ము మా మీద రాలేది. ముందు సీట్లో అన్నదమ్ములిద్దరూ దగ్గుతున్నారు, నేను దగ్గుతున్నాను. ఆవిడకి దగ్గే ఓపిక లేదు. నేను ముందురోజు కట్టుకున్న కొత్త ఓణీ ఇంకా విప్పలేదు. దాని చెంగు మడతపెట్టి ఆవిడ ముక్కుకి అడ్డం పెట్టాను. చెంగు పట్టుకుని నాకేసి చూసి, అంచు నలిగిపోతుందే అంది. ఆ మాట అనడానికి మూడుసార్లు ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు.

తారురోడ్డు ఎక్కాక పెదనాన్న బండిని ఎప్పుడూ నడపనంత వేగంగా నడిపాడు. పేట ఇంకా రెండు మైళ్ళుందనగా, పత్తిమిల్లు గోడ మొదలయ్యే చోట, నా చేతిలో ఆవిడ చెయ్యి వదులైంది. పన్నెండేళ్ళ పిల్లనైనా నాకు తెలిసింది. నేను చెప్పలేదు. చెబితే కారు ఆగిపోతుందని భయమేసింది. ఆస్పత్రి గేటు దాకా ఆ చేతిని గట్టిగా పట్టుకునే కూచున్నాను.

పదకొండో రోజు కర్మ అయ్యాక చుట్టాలంతా వెళ్ళిపోయారు. పెదనాన్న అరుగు మీద కూచుని ఉంటే నాన్న వెళ్ళి కింద, మెట్టు మీద కూచున్నాడు. నేను స్తంభం చాటున ఉన్నాను.

"ఒక్కసారి తిట్టు అన్నయ్యా. నాలుగు దెబ్బలు కొట్టు. ఇలా ఊరుకోమాక" అన్నాడు నాన్న.

పెదనాన్న అన్నాడు. "తాళం ఇచ్చింది ఆవిడరా. ఆవిణ్ణి తిట్టమంటావా?"

మా నాన్న ఆ మెట్టు మీదే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత ఆ అరుగు మీద కార్ల మాట మళ్ళీ రాలేదు. ఆ మాటకొస్తే ఏ మాటా పెద్దగా రాలేదు. ఆస్టిన్‌ని ఎద్దులు కట్టి బయటికి లాగి, ఎవరో అడిగితే వేసవిలో ఇచ్చేశాడు నాన్న. మోరిస్‌ని పెదనాన్న చావిట్లో పెట్టి మళ్ళీ తియ్యలేదు, కోళ్ళు అందులో గుడ్లు పెట్టాయి, కొన్నేళ్ళకి పాత ఇనుము వాళ్ళు తీసుకుపోయారు. మా భూముల్లో మిరప మళ్ళీ వెయ్యలేదు. ఊరంతా ఎర్రగా ఉంటే మా చేలు తెల్లగా పత్తితో ఉండేవి. దిగుబడి గురించి నాన్నకి ఎవరు సలహా చెప్పినా వినిపించుకునేవాడు కాదు.

అందరూ తాళం గురించే తలుచుకుని కుమిలిపోయారు. నా పెట్టె మూత సంగతి ఎవరికీ తెలియదు. ఉండు అన్నది నేను. ఆరు రోజులే కదా అన్నదీ నేనే. పెళ్ళయి, టీచరు ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని కని కూడా నేను ఆ మాటని మింగుకుంటూనే బతికాను. కల్లంలోకి కాయ రాకముందే పొన్నూరు వెళ్ళి ఉంటే ఆవిడ అరవై ఏళ్ళు బతికేది, డెబ్భై ఏళ్ళు బతికేది అని వేళ్ళు లెక్కపెట్టుకునేదాన్ని. నాన్న పోయేటప్పుడు కూడా చెప్పలేకపోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అనుకున్నాను.

చివరి రోజుల్లో పెదనాన్న గుంటూరులో మా ఇంట్లోనే ఉన్నాడు. చూపు బాగా తగ్గింది, అన్నం కలిపి చేతిలో పెట్టాలి. ఒక మధ్యాహ్నం పెరుగన్నం ముద్దలు పెడుతూ, ఎందుకో ఆ రోజు ఆగలేక, చెప్పేశాను. పెద్దమ్మని ఆ ఏడు ఉండమన్నది నేనే పెదనాన్నా, ముహూర్తం దాకా ఉండమని పెట్టె మీద కూచుని మారాం చేశాను అన్నాను. ఆయన నోట్లో ముద్ద మింగాడు.

"తెలుసమ్మా. ఆ రోజే నాతో చెప్పింది. ఇన్నేళ్ళ కాపురంలో ఈ కాలం వస్తే నన్ను వెళ్ళమనేవాళ్ళే గానీ ఉండమన్నవాళ్ళు లేరు, చిట్టి ఉండమంది, ఉంటానండి అంది. ఎంత సంతోషంగా చెప్పిందో. ఆ ముఖం చూసి కాదనలేకపోయాను."

నేను ముద్ద చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఆయనే వెతుక్కుంటూ నా మోచెయ్యి తడిమి, పెట్టమ్మా అన్నాడు.

ఆయన పోయి కూడా ఇరవై ఏళ్ళు కావొస్తోంది. ఊళ్ళో మా ఇల్లు చేతులు మారింది, వాగుగట్టు కల్లం మీద సిమెంటు రోడ్డు పడింది, ఆ దారిన ఇప్పుడు ఏ కారైనా వానలో కూడా నిలబడకుండా పోతుంది. పొన్నూరులో ఆవిడ పుట్టిల్లు కొట్టేసి మూడంతస్తులు కట్టారు. మిరపకాయలు ఊరి బయటినుంచే కోల్డ్ స్టోరేజీలకి వెళ్ళిపోతున్నాయి, తాలుకాయలు ఏరుతూ పాడిన ఆడవాళ్ళ పాటలు రెండు చరణాలకి మించి నాకు గుర్తు లేవు. ఆయాసానికి ఇప్పుడు అరచేతిలో పట్టే పీల్చుడు మందు ఉంది, మా పక్కింటామె దాన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకుని మిర్చియార్డు రోడ్డు మీదుగానే ఉద్యోగానికి పోయి వస్తుంది.

నాకు మాత్రం ఈ మధ్య పాత సంగతి ఒకటి పదేపదే గుర్తొస్తోంది. ఏటా మాఘంలో మోరిస్ వీధి మలుపు తిరిగేదాకా పెద్దమ్మ వెనక అద్దంలోంచి మా ఇంటివైపే చూస్తూ ఉండేది. మేమంతా అరుగు మీద నిలబడి నవ్వుతూ చేతులు ఊపేవాళ్ళం. ఏదో మర్చిపోయి ఉంటుంది, ఎప్పుడూ ఇంతే అనేది అమ్మ. ఆవిడ ఏమీ మర్చిపోలేదు. ఎవరైనా ఒక్కరు ఉండిపొమ్మంటారేమో అని చూసేది.